కంటి పరీక్షల చెంగయ్య

చెంగయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అరవై దాటిన మగమనిషి చేతిలో బండి తాళం కనిపిస్తే చాలు, పరీక్ష పెట్టకుండా ఉండలేడు. ఎదుటివాడు తెలిసినవాడా, తెలియనివాడా, పెళ్ళిలో ఉన్నాడా, చావింట్లో ఉన్నాడా అన్నది ఆయనకు పట్టదు. "బాగుండావా అప్పా?" అని అందరూ పలకరించే చోట ఆయన వేలు చాపి, "అదో, ఆ ఆటో నంబరు చదువు సూస్తాం" అంటాడు. చదివితే "పాసు". చదవలేకపోతే "పెయిలు!" తిరుమల ఘాట్ రోడ్డులో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఇంజను మోతను దాటి ఆఖరి సీటు దాకా వినిపించడం అలవాటైన గొంతు. తిరుపతిలో వాళ్ళ వీధి మొదట్లో ఆయన "పెయిలు" అంటే వీధి చివర ఇస్త్రీ బండివాడు ఉలిక్కిపడేవాడు.

ఆయన కూతురు రేవతి చిత్తూరులో హైస్కూలు టీచరు. పిల్లలకు పరీక్షలు పెట్టి జీతం తీసుకుంటుంది. ఊరికే పరీక్షలు పెట్టి తిట్లు తినే నాయన వల్ల నలుగురిలో తలెత్తుకోలేకపోయేది.

రేణిగుంటలో ఒక పెళ్ళికి పోయినారు. పెళ్ళికొడుకు తాత స్కూటరు మీద వచ్చి, తాళం జేబులో వేసుకుంటూ చెంగయ్య కంట పడ్డాడు. "పెద్దాయనా, ఎదురుగ్గా ఆ బోర్డు మీద ఏం రాసుండారు?" అని అడిగినాడు చెంగయ్య. తాత హుందాగా సర్దుకుని, "ఇదేం ప్రశ్నప్పా? వధూవరులకు శుభాకాంక్షలు అని" అన్నాడు. బోర్డు మీద ఉన్నది 'చెప్పులు ఇక్కడ విడవరాదు'. చెంగయ్య "పెయిలు!" అని కేకేశాడు. గట్టిమేళం కోసం పురోహితుడే అరిచాడనుకుని మేళగాళ్ళు డోలు, సన్నాయి అందుకున్నారు. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది. పెళ్ళికొడుకు కంగారులో తాళి అందుకోబోయాడు. పెళ్ళికూతురు ఇంకా గదిలోనే ఉంది. రేవతి పక్కావిడ కొంగు చాటున మొహం దాచుకుంది.

కంటి పరీక్ష పాసైనవాడికి మెడ పరీక్ష ఉండేది. "వెనక బండి వస్తాండాదా, లేదా? తిరిగి సూడు. మెడ తిప్పప్పా. మనిషివి తిరగొద్దు, మెడ!" బ్యాంకులో ఒకాయన ఈ మాట విని మనిషంతా గిర్రున తిరిగినాడు. మళ్ళీ ముందుకు తిరిగేలోగా ఆయన వరుసలో ఇద్దరు దూరిపోయారు. చెంగయ్య ఆయన్ని పెయిలు చెయ్యడమే కాకుండా, "వరసే కాపాడుకోలేనోడివి, రోడ్డు మీద ఏం కాపాడుతావు?" అని అడిగినాడు.

రేవతి స్కూలు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఒక రిటైరైన పెద్ద ఆఫీసరు వచ్చినాడు. సొంత కారు, సొంత డ్రైవింగు. సభ అయిపోయి ఆయన మెట్లు దిగుతుంటే చెంగయ్య ఎదురుపోయి చెయ్యి పైకెత్తాడు.

"సార్, ఒక కన్ను మూసుకోని చెప్పండి. నా చేతిలో ఎన్ని వేళ్ళుండాయి?"

ఆఫీసరు నవ్వుతూ, "ఒకటే" అన్నాడు.

"ఇది గొడుగు సార్. పెయిలు!"

ఆ తరవాత వారం రోజులు హెడ్మిస్ట్రెస్ హేమశ్రీ రేవతితో ఏమీ అనలేదు. అనకుండా, వరండాలో ఎదురైనప్పుడల్లా నిట్టూర్చింది. తిట్టి ఉంటేనే బాగుండేదని రేవతికి అనిపించింది.

ఇట్లా ఉండగా రేవతి మామ కుప్పయ్యకు డెబ్భై నిండినాయి. చిత్తూరులో బెల్లం మండీ యజమాని, పదిమందికి కావలసినవాడు. భీమరథ శాంతి ఘనంగా చేసినారు. కొడుకు రూపేష్, అంటే రేవతి భర్త, తండ్రికి ఎర్ర కారు కొనిచ్చినాడు. పిలుపుకు ముందే రేవతి తిరుపతికి వచ్చి నాయన చేత ఒట్టు వేయించుకుంది.

"ఎవురినీ ఏమీ అడగకూడదు."

"అడగనమ్మా."

"వేలు చూపించకూడదు."

"చేతులు జేబులో పెట్టుకుంటాలే."

పాపం, మాట మీదే ఉన్నాడు. హోమం దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. భోజనాలప్పుడు ఆకు మీద నుంచి చూపు ఎత్తలేదు. పాయసం వడ్డించే దాకా అంతా బాగానే జరిగింది. అప్పుడు కుప్పయ్య కొత్త తాళం వేలికి తగిలించి తిప్పుతూ, బంతిలో అందరికీ వినబడేటట్టు, "రేపు పొద్దున్నే సుబ్బులమ్మని పక్కన కూర్చోబెట్టుకోని కొండకి నేనే నడుపుకోని పోతాండా" అన్నాడు. భార్య సుబ్బులమ్మ మురిసిపోయింది.

చెంగయ్య చెయ్యి పాయసం దగ్గరే ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే లేచినాడు. రేవతి "నాయనా!" అన్నా వినిపించుకోలేదు.

"వియ్యంకుడా, ఎడమ కన్ను మూసుకో."

"ఏమప్పా, నాక్కూడానా?" అని కుప్పయ్య నవ్వుతూ మూసుకున్నాడు.

"ఆ గోడ మీద బ్యానరులో ఉండేది ఎవురు?"

కుప్పయ్య ఉన్న ఒక్క కన్నూ చికిలించాడు. మెడ ముందుకు చాపాడు. చివరికి, "ఎవుడో రాజకీయాలోడు. ఎన్నికలప్పుడు కట్టింటారు, తీసేయమని చెప్పండ్రా" అన్నాడు.

బ్యానరు మీద ఉన్నది కుప్పయ్యే. మనిషంత ఎత్తు బొమ్మ. కింద 'శుభాకాంక్షలతో, బెల్లం వర్తకులు' అని ఉంది.

బంతంతా గొల్లుమంది. నవ్వు ఎంత దబ్బున వచ్చిందో అంత దబ్బున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చెంగయ్య మెల్లిగా, "పెయిలు" అన్నాడు. ఈసారి ఆ గొంతులో కేక లేదు. అయినా అందరికీ వినపడింది.

కుప్పయ్య మొహం కందిపోయింది. "నాకు లైసెన్సు ఉండాది. డాక్టరు సంతకం ఉండాది. పిల్లకాయలు సెల్లు చూసుకుంటా బండ్లు తోల్తారే, వాళ్ళని అడగవేమి? ముసిలోళ్ళమనేగా నీ ఎకసెక్కం?"

"వాళ్ళని పట్టుకునేదానికి పోలీసులుండారు. మనల్ని ఎవురు పట్టుకుంటారప్పా? పెద్దాయన గదా అని వాళ్ళూ సలాం కొట్టి పంపిస్తారు."

రేవతికి ఒళ్ళు తెలియలేదు. అత్తగారి కంట నీళ్ళు, మొగుడి దించుకున్న తల, చుట్టాల గుసగుసలు. "నీ మూలాన నాకు తల కొట్టేసినట్టుండాది నాయనా. ఇంక మా గడప తొక్కొద్దు" అని అందరి ముందరా అనేసింది.

చెంగయ్య చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. వాకిట్లో ఆగి, "రేపు మాత్రం కొండకి నడపనీయొద్దమ్మా" అని బస్టాండు వైపు నడిచిపోయాడు.

మర్నాడు కుప్పయ్య కొండకు పోలేదు. జలుబన్నాడు. రేవతి నెల రోజులు నాయనకు ఫోను చెయ్యలేదు. తల్లి నిర్మలమ్మ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. అత్తింట్లో మాత్రం తప్పు చేసినదానిలా గోడవారగా నడిచేది. ఆ నెలలో కుప్పయ్య మూడు నాలుగుసార్లు బెల్లం పనని తిరుపతి పోయి వచ్చినాడు. ఒకసారి రెండు దినాలు అక్కడే ఉండిపోయి, నల్లకళ్ళద్దాలతో దిగాడు. ఎవరడిగినా ఎండ అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున రేవతి కాఫీ తెచ్చిస్తే కుప్పయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, ఇది నీలం చీరా?"

"అవును మామా."

"ఇన్నాళ్ళూ నువ్వు బూడిదరంగు చీరలే కడతావనుకున్నానే! మాస్టరమ్మకి పొదుపు ఎక్కువని అందరికీ చెప్పుకున్నా గదా!"

రేవతికి అర్థం కాలేదు. కుప్పయ్య అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోమన్నాడు.

"కుడికంటికి శుక్లం తీసేసినారమ్మా. ఎడమదానికి వచ్చే నెల. నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది మీ నాయన. ఎవురికీ చెప్పొద్దన్నాడు. నీకైతే అసలు చెప్పొద్దన్నాడు."

శాంతి అయిన మర్నాడు తెల్లారి మొదటి బస్సుకే చెంగయ్య మండీకి వచ్చాడట. కుప్పయ్య బెల్లం దిమ్మ చేతికి తీసుకున్నాడట, విసరడానికే. చెంగయ్య తప్పుకోకుండా నిలబడి, "నిన్న నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసినా. ఇప్పుడు నా కథ విను. విని నువ్వు నన్ను చేద్దువు" అన్నాడట. విన్నాక కుప్పయ్య ఆ దిమ్మను కింద పెట్టేశాడు.

చెంగయ్య ఉద్యోగం చివరి ఏళ్ళలో రెండు కళ్ళకూ పొర కమ్మింది. పరీక్షలో గోడ మీది అక్షరాలను, ముందు పోయి వచ్చినవాళ్ళను అడిగి బట్టీ పట్టి గడగడా చెప్పేశాడు. అట్లా ఎనిమిది నెలలు కొండ మీదకీ కిందకీ జనాన్ని తిప్పాడు. ఒక సాయంత్రం కొండ దిగుతుంటే మలుపులో రోడ్డు మీద చెట్టు నీడ కనిపించింది. నీడే గదా అని పోనిచ్చాడు. కండక్టరు మోహన "అన్నా! మనుషులు!" అని గావుకేక పెట్టినాడు. బ్రేకు పడింది. అది నీడ కాదు. కారు చెడిపోయి రోడ్డు పక్కన కూలబడిన ఒక కుటుంబం. బస్సుకూ అందులో ముసలమ్మకూ మధ్య జానెడు జాగా మిగిలింది.

"ఎవురికీ ఏమీ కాలేదమ్మా," అన్నాడు కుప్పయ్య. "బస్సులో వాళ్ళంతా దిగి మీ నాయన చేతులు పట్టుకోని, ఏం బ్రేకేసినావప్పా, దేవుడివప్పా అన్నారంట. ఆ ముసిలామె కాళ్ళ మీద పడిందంట. తిట్టుంటే మర్చిపోయేవాణ్ణి, పొగిడినారే అంటాడు. తెల్లారి పోయి స్టీరింగు వదిలేసినాడు. కళ్ళకి ఆపరేషను గూడా ఎవురికీ చెప్పకుండానే చేయించుకున్నాడంట."

మోకాళ్ళ నొప్పులని చెప్పి నాయన రెండేళ్ళు ముందే ఇంటికొచ్చేయడం రేవతికి గుర్తుంది. ఆ మోకాళ్ళకు నూనె మర్దన చేసింది తనే. అప్పటి నుంచి పెయిలైన ప్రతివాడి ఇంటికీ మర్నాడు పోయి చెంగయ్య ఈ కథ చెబుతాడని, విన్నవాళ్ళను తనే బస్సులో ఆస్పత్రికి తీసుకుపోయి చుక్కల మందు వేసేదాకా పక్కనే కూర్చుంటాడని కుప్పయ్య చెప్పినాడు. "నా ముందర పదకొండు మంది. పిల్లలకి చెప్పుకోవాలంటే మాకు సిగ్గమ్మా. బండి లాక్కుంటారని భయం. చెవిలో చెబితే కోప్పడి మర్చిపోతామంట, పదిమందిలో చెబితే మనసులో గుచ్చుకుంటుందంట. ఆ పద్ధతి మాత్రం ఏం బాలేదని నేను ఆయన మొహానే చెప్పినా."

రేవతి ఆ పూటే తిరుపతి బస్సు ఎక్కింది. దారంతా సిగ్గుతో కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంటికి పోయేసరికి చెంగయ్య చొక్కా వేసుకుని బయలుదేరుతున్నాడు. కూతుర్ని చూసి తడబడ్డాడు.

"నాయనా, నేను ఆ దినం అన్న మాట..."

"ఏర్పేడుకి పోతాండా," అన్నాడు చెంగయ్య గబగబా. క్షమాపణలు వినడం ఆయనకు చేతకాదు. "మునికృష్ణ అని రిటైర్డు మాస్టరు. మనవరాల్ని స్కూటరు మీద బడికి తోల్తాడు. ఎదురుగ్గా వచ్చే లారీ కనపడదు. మూడుసార్లు పోయినా గేటు తియ్యలా."

"నేనూ వస్తా."

ఏర్పేడులో మునికృష్ణ మాస్టరు గేటు లోపల నిలబడి, వీళ్ళను చూడగానే గడియ మీద చెయ్యి వేసుకున్నాడు. "కూతుర్ని కూడా తెచ్చినావా? బస్టాండులో నా పరువు తీసింది చాల్లేదా?"

చెంగయ్య తన కథ మొదలుపెట్టబోయాడు. రేవతి ముందుకు వచ్చి గేటు కమ్మీ పట్టుకుంది.

"సార్, మీ పరువు ఒకరోజే తీసినాడు. నాది పదేళ్ళుగా తీస్తా ఉండాడు. ఒకసారి చిత్తూరు బస్సులో ఈయన ఎవురికో పరీక్ష పెడతా ఉంటే, పక్కనామె ఆ ముసలాయన ఎవురమ్మా అని అడిగింది. తెలీదని చెప్పేసినా సార్. మా నాయన్ని తెలీదన్నా. తరవాత స్టాపులో దిగేసి వేరే బస్సులో పోయినా. ఈ మాట ఇంతవరకూ ఎవురికీ చెప్పలా."

నాయన మొహం చూసే ధైర్యం లేక గేటు వైపే చూస్తూ నిలబడింది.

"నాకు తెలుసులేమ్మా," అన్నాడు చెంగయ్య వెనక నుంచి.

"ఎట్లా?"

"నాకు ఆపరేషను చేసింది కళ్ళకే గదా. చెవులు ఎప్పుడూ బాగానే ఉండాయి."

మునికృష్ణ మాస్టరు నవ్వు ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ గడియ తీశాడు.

"రండి లోపలికి. ఆస్పత్రి ఎన్ని గంటలకి తెరుస్తారప్పా?"