దూలానికి కట్టిన మోకు

తాటిచెట్టు మీది నుంచి పడ్డ నాలుగో నెలలో నాకు మనుషుల మీద కోపం మొదలైంది, ముఖ్యంగా పరామర్శకు వచ్చేవాళ్ల మీద. మంచం పక్కన కూర్చుని, నా కాళ్ల వైపు చూసి, "ఎట్లున్నోడు ఎట్లయిండు" అని నాకు వినబడేటట్టే అనేవాళ్లు. స్పర్శ పోయింది నడుము కింద. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

మాది కట్టంగూర్ దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లు కల్లు గీశాను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు పడ్డాను. హైదరాబాద్ దవాఖానలో వెన్నుకు ఆపరేషన్ చేసి, చక్రాల కుర్చీ ఒకటి ఇచ్చి పంపారు. అది గోడ పక్కన, నేను మంచంలో. నేను కుర్చీలోకి మారాలంటే నా భార్య చంకల కింద చేతులేసి లేపాలి. అందుకని ఆమె కూలికి పోవడం మానేసింది. పత్తి ఏరే రోజులు వచ్చేలోపు నా అంతట నేను మంచం దిగాలి. అదొక్కటే పట్టుకుని కూర్చున్నాను.

నాతో గీసేవాళ్లు ఏనాడూ అయ్యో పాపం అనలేదు. వంతులు వేసుకున్నారు. పొద్దున చెట్లు దిగాక రోజుకొకరు వచ్చి, నన్ను కూర్చోబెట్టి, కాళ్లు ముడిచి చాపించి పోయేవారు. వాళ్లలో పెద్దాయన నాకు వరసకు మామ. ఒకరోజు నా మోకును భుజాన వేసుకొచ్చాడు. మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే లావుపాటి తాడు. పైన ఉన్నంతసేపు మా ప్రాణం దాని మీదే.

"ఇన్నేండ్లు చెట్టు మీద నిలబెట్టింది. ఇంట్ల నిలబెట్టదా అల్లుడా?" అన్నాడు.

నలుగురు కలిసి నన్ను లేపి, అరుగు మీది గుంజకు ఆనించి, మోకు చుట్టి బిగించారు. చెట్టు మీద మోకు వదులైతే మనిషి దక్కడు, అందుకని మాకు బిగించడమే తెలుసు. నాలుగు నెలలకు మళ్లీ నా ఎత్తు నుంచి వాకిలి చూశాను. సంతోషం పట్టలేక, "ఇంకింతసేపు ఉండనియ్యుండ్రి" అన్నాను.

మర్నాడు స్నానం చేయిస్తూ నా భార్య కేక పెట్టింది. తుంటి చుట్టూ తోలు లేచిపోయింది. నాకు చీమ కుట్టినట్టు కూడా తెలియలేదు. కట్టు కట్టడానికి వచ్చిన నర్సమ్మ అందరినీ కడిగి పారేసింది.

"సోయి లేని కాడ తాడు గట్ల బిగిస్తరా? నొస్తుందని ఆయనకెట్ల తెలుస్తది? జర మీరన్న సూడొద్దా?"

నా భార్య మోకును అటక మీదికి విసిరేసి, "మళ్ల కండ్లవడితే పొయ్యిల పెడ్త" అంది.

పుండు మానేదాకా రెండు నెలలు బోర్లా పడుకున్నాను. సిగ్గుపడి మామ వాళ్లు రావడం మానేశారు. అది నాకు పుండు కంటే ఎక్కువ బాధ. చివరికి కబురు పంపాను: "పుండు నాకైంది, మీ కాళ్లకేమైంది?" సాయంత్రానికి నలుగురూ వచ్చారు.

మోకు కావాలని అడిగితే నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే అటకెక్కి దించింది. పట్టుకునే చోట పాత చీర పేలికలు చుట్టి, మంచానికి పైనున్న దూలానికి మామతో కట్టించింది.

"చేతులతోనే పట్టాలె. నడుముకు తగిలిందో, సూడు!"

మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క వేశారు. మోకు పట్టి లేవడం, చెక్క మీద జరగడం. ఎన్నిసార్లు పక్కకు ఒరిగానో, ఎన్నిసార్లు మామను తిట్టానో లెక్కలేదు. ఆయనా ఊరుకోలేదు, అంతకంత తిట్టాడు. అరచేతుల్లో పాత కాయలు మళ్లీ లేచాయి.

పత్తి పగిలింది. ఒక మధ్యాహ్నం నా భార్య నీళ్లకు పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

"యాడున్నవ్!" అని అరిచింది.

"గీడనే, వాకిట్ల."

బిందె దించకుండానే పరుగున వచ్చింది. "చెప్పకుంట ఎట్ల దిగినవ్? పడితే?"

"ఇరవై ఏండ్లు చెట్టు దిగిన. ఎన్నడన్న నీకు చెప్పి దిగిన్నా?"

ఏడుస్తూ నా భుజం మీద ఒక్కటి వేసింది. అక్కడ స్పర్శ ఉంది, బాగానే నొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సద్ది కట్టుకుని పత్తి చేనుకు బయలుదేరింది. మలుపు తిరిగేదాకా చూస్తూ ఉన్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.