పుల్ల ముంచి చూసిన ఎండాకాలం

పోయిన నెలలో మా కాక కొడుకు హైదరాబాదు నుంచి నాకొక పార్సెలు పంపించాడు. కాక అంటే మా బాపుకు తోడబుట్టిన తమ్ముడు. విప్పి చూస్తే మందమైన గాజు జాడీ ఒకటి, దాని మూతకు వంకర తిరిగిన చిన్న గాజు గొట్టం, జాడీ ఒంటి మీద అడుగు నుంచి మెడ దాకా అచ్చు వేసిన కొలత గీతలు కనిపించాయి. గొట్టంలో రెండు చెంచాల నీళ్ళు పోసి మూత బిగిస్తే లోపల పులిసే రసంలోని గాలి బుడగలుగా బయటికి పోతుందే తప్ప బయటి గాలి లోపలికి రాదు. నిజామాబాదులోని మా ఇంటి వంటగదిలో దాన్ని పెట్టుకొని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ మొదట జాడీ వైపు, తరువాత నా వైపు చూసి, పొయ్యి వైపు తిరిగింది. రసాలు పులియబెట్టే నా పిచ్చి ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ తెలుసు. అయితే ఆ పిచ్చి మొదలైన ఎండాకాలంలో ఏం జరిగిందో ఆమెకు సగమే తెలుసు. మిగతా సగం నా తోటివారికి చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. రసాయన శాస్త్రం చదివాను. బోధన్‌లోని చక్కెర కర్మాగారం ప్రయోగశాలలో చిన్న ఉద్యోగం దొరికింది. పొద్దున్నే నిజామాబాదులో బస్సెక్కితే ఎడపల్లి దాటిన దగ్గర నుంచి చెరకు బండ్లు దారి ఇచ్చేవి కావు. ఆ బండ్ల వెనుక నిలబడి నిలబడి చేరేసరికి చొక్కాకు కూడా తీపి వాసన పట్టేది. అక్కడ నా పని గాజు గొట్టంలో చెరకు రసం పోసి, అందులో తీపి ఎంత ఉందో కొలిచి పుస్తకంలో రాయడం. రసాన్ని ఒక పూట వదిలేస్తే దానంతటదే నురగ కట్టి, పులిసి, మరో పదార్థంగా మారిపోవడం నాకు అద్భుతంగా తోచేది. ఆ అద్భుతాన్ని ఇంట్లో చేసి చూడాలన్న కోరికే నా వ్యసనానికి మూలం. తాగాలనే ఆశ కంటే కొలవాలనే ఆశే నాలో ఎక్కువగా ఉండేదని ఇప్పుడు చెబితే మీరు నమ్ముతారో లేదో.

ఆ రోజుల్లో ఎవరూ నమ్మలేదు. బెల్లం కొనబోతే కిరాణా కొట్టు సేటు తరాజు పట్టుకొని నా ముఖంలోకి చూసేవాడు.

"గింత బెల్లమెందుకు సారూ? ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా?"

గుడుంబా, అంటే దొంగసారా, కాచేవాళ్ళే అంత బెల్లం కొంటారని ఆయన అనుమానం. మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు కూడా పులియని ద్రాక్షరసమే వాడే సంఘం మాది. అందుచేత అవ్వకు, అంటే మా అమ్మకు, నేను చేసేది అల్లం షర్బత్ అని ఒకసారి, ఊరగాయలకు వేసే సిర్కా, అంటే వెనిగర్, అని ఒకసారి చెప్పేవాణ్ణి. అవ్వ ముక్కు ఊరకుండేది కాదు.

"సిర్కా అంటివి, షర్బత్ అంటివి. వాసన మాత్రం మీ కాక పాత వాసనే."

ఆ పాత వాసన సంగతి చెప్పాలి. మా కాక మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ. తాగుడు ఎక్కువై, ఒకనాడు కాకి, అంటే ఆయన భార్య, బాల్కొండలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. కాక వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఆ ఏటి క్రిస్మసు ఆరాధనలో సంఘమంతా చూస్తుండగా నిలబడి ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. ఈస్టరు దాకా ఆ మాట మీద నిలబడితే వస్తానని కాకి కబురు చేసింది. ఆయన కాపురమంతా ఆ నాలుగు నెలల మీద వేలాడుతున్నది. అటువంటి మనిషి పడుకునే వరండాకు పది అడుగుల దూరంలో రసం పులియబెట్టడం ధర్మమా అన్న ప్రశ్న, ఇంత చదువుకున్న నాకు ఒక్క పూట కూడా రాలేదు.

మొదట్లో సోడా సీసాలు వాడేవాణ్ణి. ఒక శుక్రవారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం జరుగుతూ అందరూ కళ్ళు మూసుకొని ఉండగా, మంచం కింద దాచిన సీసా ఒకటి ఢామ్మని పేలింది. నురగ మంచం కింది నుంచి పారి వచ్చి ముందు వరుసలోని చాపను తడిపింది. ఒక ముసలావిడ కళ్ళు తెరిచి, "మంచం కింద ఏం పెంచుతున్నవ్ బిడ్డా, బుస్సుమంటున్నది?" అని అడిగింది. ఆమెన్ చెప్పవలసిన వాళ్ళందరూ నా వైపు చూశారు. ఇంట్లో మళ్ళీ గాజు సీసా కనిపిస్తే నన్నే బయట పెడతానని అవ్వ అన్నది. అందుకని కుమ్మరి వద్ద పెద్ద కొత్త కుండ ఒకటి కొన్నాను. నీళ్ళలో సూక్ష్మజీవులు ఉండి రసాన్ని పాడు చేస్తాయన్న భయంతో దాన్ని కనీసం కడగకుండా, మూడు రోజులు నడి ఎండలో ఎండబెట్టి, చెరకు రసం, అల్లం, బెల్లం పోసి, లోపలి గదిలో ఇసుక మీద కూర్చోబెట్టాను. వేడి తగలకుండా చుట్టూ గోనెపట్టా చుట్టి పొద్దునా సాయంత్రం తడిపేవాణ్ణి. మూతికి అవ్వ ఒక గుడ్డ చింపి కట్టింది.

కుండలో ఏముందో కంటికి కనబడదు కనుక, వెదురు పుల్ల ఒకటి చెక్కి దాని మీద కత్తితో గీతలు పెట్టి, రోజూ పని నుంచి రాగానే కుండలో ముంచి చూసేవాణ్ణి. మూడో నాటికి ఒక గీత తగ్గింది. ఆరో నాటికి మూడు గీతలు తగ్గాయి. గాలిగా పోయేది ఎంత ఉంటుందో కాగితం మీద లెక్క వేశాను. లెక్కకు, పుల్లకు పొంతన కుదరలేదు. అప్పుడే నాకు కాక బట్టల పెట్టె కూడా ఆ గదిలోనే ఉన్నదని గుర్తుకొచ్చింది.

అనుమానం వచ్చాక ఇక ఏది చూసినా సాక్ష్యమే అయ్యింది. కాక గదిలోకి చొక్కా కోసం వెళితే ఎంతసేపున్నాడని మనసులో అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. స్నానం చేసి తమలపాకు వేసుకుంటే, వాసన దాచడానికే అనుకునేవాణ్ణి. కుండ కింది ఇసుకకు చీమలు బారు కడితే, గ్లాసుతో ముంచుతున్నప్పుడు ఒలికి ఉంటుందని నిర్ధారించుకున్నాను. చివరికి మూతిగుడ్డ అంచున పసుపు మరక కనిపించింది. పసుపు సీజను అది. వేల్పూరు వైపు నుంచి బండ్లు బారులు తీరి వస్తున్న రోజులు. కాక అరచేతులు, గోళ్ళ సందులు, చెవి మడతలు కూడా పచ్చగా ఉండేవి. ఇక నాకు వేరే రుజువు అక్కరలేదనిపించింది. అయినా ఎవరితోనూ ఏమీ అనలేదు. పుల్ల ముంచుతూ, పుస్తకంలో రాసుకుంటూ పోయాను. ఆ మౌనాన్ని నేను సంస్కారం అనుకున్నాను.

ఈస్టరుకు రెండు వారాలు ఉందనగా ఒక ఆదివారం కాకి వాళ్ళ అన్నయ్య బాల్కొండ నుంచి వచ్చాడు. మా బాపును అడగలేదు, పాస్టరు గారిని అడగలేదు. నేరుగా నా ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"నువ్వు డిగ్రీ సదివినోనివి. మీ ఇంటోళ్ళు మావోడే అని ఎనకేసుకొస్తరు. నువ్వు గట్ల చెప్పవ్. మా బావ మానిండా, లేదా? ఒక్క మాట చెప్పు."

ఒక కుటుంబం తన ఆడబిడ్డ భవిష్యత్తును నా నోటి మాట మీద పెట్టిందన్న గర్వం నన్ను పాడు చేసింది. తాగాడని చెప్పలేదు. మానాడనీ చెప్పలేదు. నిశ్చయంగా చెప్పలేనని, కొన్ని సందేహాలు ఉన్నాయని, ఆఫీసు కాగితం చదివినట్టు చెప్పాను. ఆయన అవ్వ తెచ్చిన చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

వరండాలో చేతులు కడుక్కుంటున్న కాక అంతా విన్నాడు. తడి చేతులతోనే లోపలికి వచ్చి నా ముఖానికి జానెడు దూరంలో నిలబడి, నోరు తెరిచి గట్టిగా ఊపిరి వదిలాడు.

"సూడు బిడ్డా. వాసన సూసుడే నీ నౌకరి గద. సూసి చెప్పు."

తమలపాకు వాసన తప్ప ఏమీ రాలేదు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

నాలుగు రోజుల తరువాత చీమల బాధ పడలేక అవ్వ ఇసుక మారుద్దామని, కుండ చుట్టూ ఉన్న గోనెపట్టా విప్పింది. పని నుంచి వచ్చిన నన్ను కేక వేసి పిలిచింది. కుండ ఒళ్ళంతా చెమట పట్టినట్టు జిగటగా మెరుస్తున్నది. కింది ఇసుక పాకం పోసినట్టు ముద్ద కట్టింది. నేను రోజూ తడిపే గోనె వల్ల ఆ తడి నా కంటికి ఆననే లేదు.

"కుండ నానబెట్టలేదా?"

ఎండబెట్టానని చెప్పాను.

"ఎండబెట్టినవా? కొత్త కుండ నానబెట్టకుంటే పోసిందంతా అదే తాగుతది గదరా. గంత సదువు సదివి, కుండ నానబెట్టుడు ఎరుకలేదా?"

మూతిగుడ్డ మీది పసుపు మరక చూపించాను. అవ్వ దాన్ని నా చేతిలో నుంచి లాక్కున్నది. "ఇది మీ కాక పాత తువ్వాల. నేనే చింపి కట్టిన" అన్నది. రోజూ గీతలు కొలిచిన నేను, మొదటి రోజున ఆ గుడ్డను ఒక్కసారైనా చూడలేదు.

మరుసటి రోజే సెలవు పెట్టి, అదే కుమ్మరి దగ్గర మరో కొత్త కుండ కొని, అదే పుల్ల, పోల్చి చూపడానికి ఒక గాజు సీసా వెంట పెట్టుకొని బాల్కొండ బస్సెక్కాను. కుండను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న నన్ను చూసి కండక్టరు ఎవరు పోయారని అడిగాడు. కాకి అన్న నన్ను గడప దాటనివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి అంతా విని, "కుండ నీది. నీళ్ళు మాత్రం మాయి. నువ్వు దూరం జరుగు" అని, తానే బోరింగు నీళ్ళు తెచ్చి కుండలో, సీసాలో పోసి, పుల్ల తానే ముంచి బొగ్గుతో గుర్తు పెట్టి, వేపచెట్టు నీడలో వాటికి ఎదురుగా మంచం వేసుకొని కూర్చున్నాడు. కోడి దగ్గరికొచ్చినా అదిలించాడు. నేను దగ్గినా తిరిగి చూశాడు. అలా పొద్దున నుంచి ఎండ వాలే దాకా ఇద్దరం ఒక కుండకు కాపలా కాశాము.

మధ్యలో కాకి చెంబు పట్టుకొని ఇటుగా వచ్చి, కుండ మీద అరచేయి ఆనించి, తడిసిన చేతిని చీర కొంగుకు తుడుచుకున్నది.

"గీ ముచ్చటకు పొద్దుందాక కూసునుడెందుకే అన్నా? కొత్త కుండ తాగుతదని ఎవలికి ఎరుకలేదు?"

"ఎరుకే గాని..." అని ఆయన నసిగాడు. "తాగేది పోయిందంటే, మనిషి మీదికే పోతది మనసు."

సాయంత్రం పుల్ల ముంచితే నీళ్ళు బొగ్గు గుర్తుకు రెండు వేళ్ళు దిగువన ఉన్నాయి. సీసాలో చుక్క తగ్గలేదు. కాకి నా వైపు తిరిగి, "మీ కాక ఆ కుండ పక్కపొంటి రోజూ పోయి వస్తుండెనా?" అని అడిగింది. అవునన్నాను. ఈస్టరు ఆదివారం ఉదయం ఆరాధనకు ఆమె కాక పక్కన కూర్చున్నది. ఆ మరుసటి ఏడు వాళ్ళకు కొడుకు పుట్టాడు.

కాక మళ్ళీ ఎన్నడూ ముట్టలేదు. నా మీద కోపం చూపలేదు. కానీ వేరు కాపురం పెట్టాక మా ఇంటికి ఎప్పుడు వచ్చినా ఆ లోపలి గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. వరండాలోనే, రెండు అరచేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకొని కూర్చునేవాడు. చాయ్ ఇస్తే గ్లాసు అందుకొని, "పుల్ల ముంచి సూసినవా బిడ్డా? మల్ల నేనే తాగిన్నంటవ్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు ఆ కర్మాగారం మూతబడింది. ఎడపల్లి దారిలో చెరకు బండ్లు అడ్డం రావు. జాడీలో పోయడానికి రసం కావాలంటే బస్టాండు ముందరి బండి దగ్గర గ్లాసుల లెక్కన కొనుక్కొని రావలసి వచ్చింది. కొత్త కుండను ఎన్ని రోజులు నానబెట్టాలో మా వీధిలో ఎవరినైనా అడగాలన్నా, అడగడానికి ఎవరూ మిగలలేదు. అవ్వ లేదు. కాక పోయి కూడా నాలుగేళ్ళయింది. గాజు జాడీ చుక్క తాగదు, చుక్క వదలదు. రసం పోసిన గీత దగ్గరే కదలకుండా ఉన్నది.

జాడీ అందిందని చెప్పడానికి తమ్ముడికి ఫోను చేశాను. కాక వరండాలో అనే మాట వాడు చిన్నప్పటి నుంచీ విన్నదే గాని, దాని వెనుక ఉన్న ఎండాకాలం సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. అవతల వాడు నవ్వుతూ అన్నాడు: "గీతలున్నయి సూసినవా అన్నా? ఇగ పుల్ల ముంచే పని లేదు."

అంటే కాక చెప్పాడన్నమాట. నవ్వుతూ చెప్పాడా, నవ్వకుండా చెప్పాడా అని అడుగుదామనుకున్నాను. ఎదురుగా జాడీ గొట్టంలో ఒక బుడగ లేచి పగిలింది. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను.