అమ్మ పాటల ఫోల్డరు

నిన్న మధ్యాహ్నం అక్క తన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గుణదల నుంచి ఆటోలో మా ఇంటికి వచ్చింది. ఆన్ చేస్తే సగంలో ఆగిపోతోందట. రీసెట్ చేయక తప్పదని తేలాక, ఫైళ్లు ఉంచమంటారా, అన్నీ తీసెయ్యమంటారా అని తెర అడిగింది. ఉంచమని నొక్కడానికి నా వేలు ఆడలేదు.

"నొక్కరా, అలా చూస్తావేంటి? కరుస్తుందా ఏం?" అని అక్క నవ్వింది.

నొక్కాను. శాతం అంకెలు మెల్లగా కదలసాగాయి.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరు మొరాయిస్తే సొంత ఫైళ్లుండే డి డ్రైవ్ జోలికి పోకుండా, సి డ్రైవ్ ఒక్కటే తుడిచి అంతా కొత్తగా ఎక్కించేవాళ్లం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇరుకు గదిలో నేను ఆ పని చేసేవాణ్ణి. కోర్సు చేసొచ్చిన గర్వం, ఎవరేం చెప్పినా సగమే వినే వయసు. అక్క బడిలో టీచరు. మా అమ్మ జీవితమంతా వరినాట్లు వేసింది, మళ్లో వంగి పాడుకునే పాటలన్నీ ఆమెకు వచ్చు. మోకాళ్లు పట్టేసి ఆమె ఇంటిపట్టున ఉండిపోయాక, అక్క రోజూ సాయంత్రం పక్కన కూర్చుని పాడించుకుని, డీటీపీ షాపువాళ్ల చేత తన కంప్యూటర్లో వేయించుకున్న తెలుగు అక్షరాలతో ఒక్కొక్క పాటే టైపు చేసింది. కాగితం మీద ఒక్కటీ లేదు. అమ్మ చనిపోయిన ఏడాదే ఆ కంప్యూటరు మొరాయించింది. లోపల అమ్మ పాటలున్నాయి జాగ్రత్త అని అక్క రెండుసార్లు చెప్పింది. డి డ్రైవ్‌లోనే ఉన్నాయిగా, నేను చూసుకుంటాలే అన్నాను.

పని అయ్యాక ఆ ఫోల్డరు తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, తలాతోకా లేని గుర్తులు. ఏ ఫైలు చూసినా అంతే. వైరస్ అనుకున్నాను. మిగతా కంప్యూటర్లకు అంటుకుంటుందని భయం, నా పనికి మాట వస్తుందని అంతకంటే భయం. అక్కకు ఫోన్ చేసి అడగొచ్చు, రోడ్డు దాటితే డీటీపీ షాపుంది, అక్కడ చూపించొచ్చు. ఏదీ చేయకుండా డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించాను. వైరస్ తినేసిందని అక్కకు చెప్పాను. ఆమె ఆ ఖాళీ తెర వైపు చూసి చూసి, నువ్వు మాత్రం ఏం చేస్తావులే అని, నాకు అన్నం పెట్టింది.

కొన్నాళ్లకు ఒక డీటీపీ షాపు కంప్యూటరు నా చేతికి వచ్చింది. అదే పని, అవే పిచ్చిగీతలు. షాపాయన కంగారుపడలేదు. "ఫాంటు పోయిందండీ, అంతే" అంటూ సీడీ పెట్టి ఎక్కించాడు. నా కళ్లముందే ఆ గీతలన్నీ పెళ్లి శుభలేఖ అయ్యాయి. అంటే అమ్మ పాటలు ఒక్క అక్షరం చెడకుండా ఉన్నాయి. అవి తెలుగులో కనిపించడానికి కావలసిన ఫాంటును సి డ్రైవ్‌తో పాటు ముందు తుడిచిందీ నేనే, తర్వాత పాటల్ని తుడిచిందీ నేనే. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. ఇన్నేళ్లూ చెప్పలేదు.

నిన్న అంకె నూటికి చేరి తెర వెలిగింది. అందులో అమ్మ పాటలు అనే ఫోల్డరు కనిపించింది. తెరిచాను. తెలుగే. గుర్తున్నంత మేరకు అక్క మళ్లీ రాసుకుందట. ఒక్కో పాటలో రెండు మూడు చరణాలు, గుర్తురాని చోటల్లా వరసగా చుక్కలు. ఆ చుక్కలు చూశాక ఇక దాచలేకపోయాను. అంతా చెప్పేశాను.

అక్క ల్యాప్‌టాప్ మూసింది. "ఒక్క ఫోను చేయలేకపోయావురా" అంది. అంతే. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కిస్తానన్నా వద్దని వెళ్లిపోయింది.

ఏదైనా తుడిచే ముందు ఏం ఉంచాలో ఇప్పుడు యంత్రమే అడుగుతోంది. అప్పుడు ఆ మాట మనిషి అడగాలి, నేనడగలేదు. ఇప్పుడు మా పొలాల్లో నాట్లు కూడా యంత్రమే వేస్తోంది. ఆ గట్టు మీద నిలబడి, అక్క పెట్టిన చుక్కల చోట ఏ మాటలుండేవో అడుగుదామన్నా, ఎదురు పాడే గొంతు ఒక్కటీ లేదు.