తథాస్తు దేవతలకు భయపడిన మా అత్తయ్య

మొన్న మోకాలికి ఎక్స్‌రే తీయించుకుందామని గుంటూరులో స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్నావిడ ఫోన్లో కోటు తొడుక్కున్న ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. మన సబ్‌కాన్షస్ మైండ్‌కి మంచీ చెడూ తెలియవట, మనం పదేపదే ఏదంటే అదే జరిపించి పెడుతుందట. ఆవిడ కళ్ళు మూసుకుని "నాకే జబ్బూ లేదు, నాకే జబ్బూ లేదు" అని గొణుక్కుంటోంది. మధ్యలో కళ్ళు తెరిచి, "మీరూ అనుకోండి పిన్నిగారూ, పోయేదేముంది" అంది. నా మోకాలు ఎవరి మాటా వినే రకం కాదని నవ్వేశాను. కానీ ఆవిణ్ణి పిలిచి, లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాక నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మా మేనత్త గుర్తొచ్చింది.

టీచర్ ట్రైనింగ్‌లో మాకు మనస్తత్వశాస్త్రం ఒక పేపరు ఉండేది. మనసు అడుగున మనకే తెలియని మరో మనసు ఉందనీ, మరిచిపోయామనుకున్న భయాలన్నీ అక్కడ దాక్కుని ఉంటాయనీ, వాటిని మాటల్లోకి తెచ్చుకుంటే మనిషి తేలికపడతాడనీ పడమటి దేశాల వైద్యులు కొందరు చెప్పారని చదివాను. ఆ మాట సముద్రం దాటి, మెస్మరిజం వాళ్ళ స్టేజీలెక్కి, బస్టాండు పుస్తకాల కొట్లన్నీ తిరిగి ఫోన్లోకి చేరేసరికి తలకిందులైంది. భయాన్ని పైకి అనొద్దు, అంటే నిజమవుతుంది అని తేలింది. మనవాళ్ళు దాన్ని ఇట్టే నమ్మారంటే నమ్మరా మరి, మనకి తథాస్తు దేవతలు ఎప్పటినుంచో ఉన్నారు. కంటికి కనపడకుండా తిరుగుతూ మనం ఏదంటే దానికి తథాస్తు అంటుంటారు. అందుకే బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం.

పర్చూరు దగ్గర పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు మా అత్తయ్య వాళ్ళింట్లోనే ఉన్నాను. వాళ్ళకి పిల్లల్లేరు, ఉన్నన్నాళ్ళూ నేనే కూతుర్ని. అత్తయ్య నోట అశుభం పలికేది కాదు. చేలో పాము కనపడితే పురుగంటుంది. ఎద్దుకి జబ్బు చేస్తే కాస్త నడుం వాల్చిందంటుంది. "మీ అత్తయ్యని నమ్ముకుంటే కష్టం అమ్మాయ్, ఇల్లు తగలబడతన్నా ఇవాళ వెలుతురు బాగుందంటది" అని మామయ్య ఏడిపించేవాడు. ఆవిడ గరిట చూపించి నవ్వేది.

ఆ భయం ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. కాపురానికి వచ్చిన ఏడు, కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటే మబ్బు చూసి, "ఇప్పుడు వాన పడితే అంతా పోద్దేమో" అందట. పడింది. పట్టాలు కప్పేలోగా కాయంతా తడిసి రంగు పోయి తాలయింది. ఏడాది కష్టం ఏ ధరకో అమ్ముకోవలసి వచ్చింది. వాళ్ళత్తగారు కళ్ళంలోనే అందరి ముందూ, "నీ పాడు నోరే తల్లీ ఇంత చేసింది" అన్నదట. మబ్బు పట్టాకే కదా అత్తయ్య ఆ మాట అన్నది, మాటకి వాన రాలేదు కదా అని నేను వాదించేదాన్ని. ఆవిడ పడుతుందన్న వానలు ఎన్ని పడకుండా పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇలాంటి నమ్మకాలు ఏ శాస్త్రంలోంచో పుడతాయనుకోను. నష్టం వచ్చిన రోజు ఎవరో ఒకరి మీద నెట్టాలి, చేతికి అందేది కొత్త కోడలు.

నేను వెళ్ళిన రెండో ఏడు, కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్నప్పుడు అత్తయ్య ఎడమ చెయ్యి కదపకపోవడం గమనించాను. ఏమయిందంటే "దానికి సెలవిచ్చాన్లే" అంది. పండగకి కొత్త జాకెట్టు తొడుక్కుంటూ చెయ్యెత్తలేక మూలిగింది. నేను సాయం పట్టబోయి చూశాను. రొమ్ములో గడ్డ. చర్మం అప్పటికే ముడుచుకుపోయి ఉంది. ఎన్నాళ్ళ నుంచో తనకి తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. చెబితే అదే అవుతుందని.

మామయ్యా నేనూ కలిసి ఆవిణ్ణి గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు మంచాయన, నిదానంగా "ఏంటమ్మా ఇబ్బంది?" అని అడిగారు. "ఏం లేదు బాబూ, చల్లగా ఉన్నాను" అంది అత్తయ్య. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పరీక్షలయ్యాక ఆయన మామయ్యని పక్కకి పిలిచి, ఇంకాస్త ముందు వచ్చి ఉండాల్సింది అన్నారు. తిరుగు బస్సులో మేం ముగ్గురం పత్తి ధర గురించి మాట్లాడుకున్నాం.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మామయ్య మంచం పక్కన కూర్చుని ఆవిడకి మజ్జిగ తాగిస్తున్నాడు. నేను కిటికీకి తడిపిన గోనెపట్టా కడుతున్నాను. అత్తయ్య గ్లాసు పక్కకి నెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, "ఏమయ్యా, నాకు భయమేస్తంది" అంది. అంతకుముందెప్పుడూ ఆవిడ నోట నేను ఆ మాట వినలేదు. ఇంకా ఏదో చెప్పబోయింది, పెదాలు కదిలాయి. మామయ్య గబుక్కున ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "తప్పు, అట్టా అనమాక. పైన తథాస్తు దేవతలుంటారు" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో చెప్పలేను. ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గర నేర్చుకున్న మాటే అది. అత్తయ్య బుద్ధిగా తలూపి, మజ్జిగ తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత పోయేదాకా ఎవరేమడిగినా బాగానే ఉన్నానంది.

ఊరంతా వచ్చి మహాతల్లి, ఒక్కనాడూ అబ్బా అనలేదని పొగిడారు.  చాలా రోజుల తర్వాత నేను బదిలీ మీద వెళ్ళిపోతుంటే మామయ్య బస్సు దగ్గరకి సంచీ మోసుకొచ్చి, ఉన్నట్టుండి అన్నాడు: "ఆ రోజు దాన్ని చెప్పనియ్యాల్సింది అమ్మాయ్. భయమని ఇంకేం చెప్పేదో." బస్సు కదిలింది.

ఇప్పుడు మామయ్యా లేడు. అత్తయ్య పోయిన వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఆవిడ చెప్పబోయింది ఏమై ఉంటుందా అని ఆలోచించుకోవడానికి నాకు ఇన్నేళ్ళు దొరికాయి, చెప్పుకోవడానికి ఆవిడకి ఒక్క మధ్యాహ్నం దొరకలేదు.