కాలర్ అక్క పక్క కుర్చీ

కొత్తవారితో ఇట్టే కలిసిపోయే మనిషిని కలుపుగోలు మనిషి అంటాం. మెచ్చుకోవడానికే ఆ మాట వాడతాం. చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో మాత్రం ఆ మెచ్చుకోలు ఒకామె మీద అదనపు పనిగా పడింది.

ఆమె కాలర్లు కుడుతుంది. అందరికీ కాలర్ అక్క. కొత్తగా చేరినవారిని ఆమె పక్క కుర్చీలో కూర్చోబెట్టడం సూపర్‌వైజర్ పద్ధతి. సూది విరిగినా, ఏడుపొచ్చినా ఆమె ఏదో ఒకటి చెప్పి నవ్విస్తుంది. బెరుకు పోయి చేయి తిరిగాక వారిని పై అంతస్తుకు పంపేస్తారు. ఆపైన మెట్ల మీద ఎదురుపడితే "బాగున్నావా అక్కా?" అంటారు; జవాబు వినేలోపే రెండు మెట్లు ఎక్కేస్తారు. సాయంత్రం తన గదిలో ఆమె రేడియో పెట్టుకుని, ఉన్న ఒక్క కంచం కడుక్కుంటుంది.

ఈమధ్య పక్క కుర్చీకి వచ్చినామె మితభాషి. కాలర్ అక్క ఆమెను వదినా అని పిలిచేది. నవ్వించాల్సిన అవసరం లేకుండానే పూట గడిచిపోయేది. దారం అయిపోతే అడగకుండానే కండె చేతికందేది. మాట్లాడకుండా పక్కన కూర్చోగలిగిన మనిషి దొరకడం కాలర్ అక్కకు అదే మొదలు.

వదినకూ చేయి తిరిగింది. కాలర్ అక్క సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లింది.

"తమ్ముడూ, వదిన్ని నా పక్కనే ఉంచెయ్యవా?"

"నీకేంటక్కా! రాయిని కూర్చోబెట్టినా కబుర్లాడతావు. నీకు మనుషులు కరువా?"

కరువేనని చెప్పబోయింది. అతను నవ్వుతున్నాడని అలవాటుగా తనూ నవ్వేసింది. దాంతో అడిగిన మాట హాస్యంగా తేలిపోయింది.

మర్నాడు వదినను పైకి పంపేశారు; ఆ కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. కాలర్ అక్క పలకరించలేదు. మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చాడు.

"నోట్లో బెల్లం పెట్టుకున్నావా అక్కా? పిల్ల బిక్కచచ్చిపోయింది."

"వదిన్ని కిందికి పంపించు. నిన్న కూడా నిజంగానే అడిగాను." ఈసారి ఆమె నవ్వలేదు.

అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "పైన పని ఆగిపోతుందక్కా" అని వెళ్లిపోయాడు.

కొత్తమ్మాయి మిషన్‌లో సూది విరిగింది. కాలర్ అక్క వేరే సూది అందించింది. కబుర్లు మాత్రం చెప్పలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర వదిన ఎదురుపడింది.

"బాగున్నావా?" అని, జవాబు కోసం ఆగింది.

"లేను వదినా."

వదిన ఆమె చేతిసంచి అందుకుంది. దారులు చీలే మలుపు వరకూ ఇద్దరూ మాటల్లేకుండా నడిచారు. అక్కడ సంచి తిరిగి తీసుకుని, కాలర్ అక్క ఒక్కతే గదివైపు మళ్లింది.