సీసాలో సాదిన పురుగులు

చదువు కొత్తగా తలకెక్కిన ఆ రోజుల్లో నాకు తెలియని పురుగే లేదనుకునేదాన్ని. మాది సిద్దిపేటలో మగ్గాల ఇల్లు. చేనులో కాలు పెట్టిందే వ్యవసాయ డిగ్రీలో చేరాక. అయినా చివరి సంవత్సరంలో పల్లెలో ఉండి నేర్చుకొమ్మని ధూళిమిట్టకు పంపిస్తే, నేర్పడానికే వచ్చినట్టు దిగాను. నాకు గది ఇచ్చిన పెద్దమ్మ (చుట్టరికం లేదు, ఊరంతా అలాగే పిలిచేది) బావి పక్కన అరెకరం బొబ్బెర్లు వేసింది. లేత కొమ్మలకు నల్లటి పేనుబంక పట్టి రసం పీలుస్తోంది. ఆమె మందు తేవడానికి బయలుదేరితే ఆపి, ముందు చేనంతా చూడాలని, అవసరమైతేనే మందని సమగ్ర సస్యరక్షణ పాఠం ఒప్పజెప్పాను. అంతవరకు బాగానే ఉంది. ఆ కొమ్మల మీదే నల్లగా, వీపున నారింజ మచ్చలతో, మొసలి పిల్లల్లాంటి పురుగులు పాకుతూ కనబడ్డాయి. అసలు దొంగలు ఇవేనని తీర్పు చెప్పేశాను.

"గవి ఏం జెయ్యయి బిడ్డా. ఏటేటా జూస్తనే ఉన్న," అంది పెద్దమ్మ.

"నేను చదివేదే గది పెద్దమ్మా," అన్నాను.

పాపం, ఆమె కూడా నాతో వంగింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఏరి పచ్చడి సీసా నింపాం. మార్కులు వెయ్యడానికి వచ్చే మా కాలేజీ సారుకు బతికున్నవే చూపించాలని మూతకు చిల్లులు పొడిచి, రోజూ పొద్దు పొడవకముందే చేనుకు పోయి పేనుబంక పట్టిన కొమ్మలు విరిచి అందులో వేసేదాన్ని. సాయంత్రానికి పేను ఒక్కటి మిగిలేది కాదు. 'మహా తిండిపోతులు' అని నోటుబుక్కులో రాసుకున్నాను. (ఆకులు మాత్రం చెక్కుచెదరకుండా ఎందుకు మిగులుతున్నాయన్న అనుమానం ఒక్క పూటైనా రాలేదు.) ఈలోగా చేనులో పేనుబంక రెట్టింపై ఆకులు ముడుచుకున్నాయి. పెద్దమ్మ చేను వంక చూసేది, నా వంక చూసేది, కలుపు తియ్యడానికి వంగేది.

ఆరో రోజు సారు వచ్చారు. సీసా చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత లోపలి వైపు నడుస్తున్న ఎర్రటి గుండ్రటి పురుగును చూపించి, అదేమిటని అడిగారు. అక్షింతల పురుగని, పేనుబంకను తినే రైతు మిత్రుడని గడగడా చెప్పాను.

"మరి మూత పెట్టిన సీసా లోపలికి ఎట్లొచ్చింది?"

సీసా లాక్కుని చూస్తే, అద్దానికి అతుక్కుని పురుగు విడిచిన ఖాళీ గూడు ఒకటి కనబడింది. నేను ఏరి బంధించినవన్నీ దాని పిల్లలే. పుస్తకంలో పెద్ద పురుగు బొమ్మ చూసి, పిల్ల పురుగు బొమ్మ ఉన్న పేజీ తిప్పేసినట్టున్నాను.

సారు కలం తీశారు. అప్పటిదాకా గట్టు మీద నిలబడి వింటున్న పెద్దమ్మ ముందుకొచ్చింది.

"మార్కులు తక్కువెయ్యకు సారూ. పిల్ల ఒక్క పురుగును గూడ సంపలే. మంచిగ సాదింది."

సారు నవ్వాపుకోవడానికి దగ్గారు. బాగా పేను పట్టిన కొనలు తుంచెయ్యమని, పురుగులను తిరిగి చేనులో వదలమని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రం మేమిద్దరం వాటిని ఒక్కొక్కటిగా తీగల మీదికి దించాం. రెండు సాళ్లు పోయాయి గానీ మిగతా చేను తేరుకుని కాయ పట్టింది. ఊళ్లో ఎవరికీ పెద్దమ్మ ఈ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. తెలియని పురుగు కనబడితే తెలియదని తేలిగ్గా అనేస్తాను. ఆ ఒక్క మాట ఆ వయసులో అంత బరువెందుకయ్యేదో అర్థం కాదు. కానీ సీసా పట్టుకుని, పొద్దు పొడవకముందే చేనుకు పరుగెత్తిన ఆ అమ్మాయి హుషారు మాత్రం ఎప్పుడు పోయిందో, అదీ నాకు తెలియదు.