కాబూలీ జమేదారు సెలవు

మొహిద్దీన్ బాషాకు ఒకటే పిచ్చి. జమేదారు సెలవు ఎప్పుడో తేల్చే హక్కు ఈ భూమ్మీద తనొక్కడికే ఉందంటాడు.

జమేదారంటే ఎప్పుడో కాబూలు నుంచి వచ్చి, మా పాలెగాడి కొలువులో చేరి, పిండారీ దోపిడీ దండు ఊరిమీద పడితే ఒంటరిగా నిలబడి ప్రాణమిచ్చిన సిపాయి. పరదేశి కదా, పోయిన తేదీ ఎవరికీ తెలియదు. ఆయన సమాధికి దీపం పెట్టేది బాషా ఇంటివాళ్లే. బాషా అక్కడ పచ్చజెండా ఎక్కిస్తే మర్నాడే ఆయన వర్ధంతి, ఊరంతా సెలవు. మార్కాపురం రోడ్డులోని నా పలకల మిల్లూ ఆగాల్సిందే. మా నాయన ఒక్క ఏడాది ధిక్కరిస్తే మిషన్ బెల్టు తెగి సగం మీసం ఎత్తుకుపోయిందట!

"ఏంది మామా, పోయినేడు మార్చిలో చచ్చిపోయిన మనిషి ఈయేడు ఆగస్టులో ఎట్ల చచ్చిపోయినాడు?" అన్నానోసారి.

"కలలో ఆయనే చెప్పినాడు."

"ఏ భాషలో?"

"కాబూలీలో."

"నీకు కాబూలీ వస్తాదా?"

"తేదీల వరకు వస్తాది."

ఇక ఈ ఏడాది సంగతి. గురువారం లారీ నిండా పలకలు పంపాలి. బుధవారం పొద్దున మిల్లులో పనిచేసే యల్లమ్మ వచ్చింది. గురువారం గిద్దలూరులో కూతురు ప్రసన్నకు నర్సు పట్టా ఇస్తారట, ఆ ఇంట్లో అదే మొదటి పట్టా. సెలవు కావాలంది. కుదరదన్నాను. వెళ్లిపోయింది.

సాయంత్రానికి జెండా ఎగురుతోంది! ఒళ్లు మండి బాషా ఇంటికి పోయాను.

"కల పట్టపగలే వచ్చిందా మామా?"

"కునుకు తీసినా," అన్నాడు బాషా, నా వంక చూడకుండా.

ఆయన భార్య సుగ్రా టీ గ్లాసు నా చేతిలో పెట్టి పకపకా నవ్వింది. "కలా పాడా! పోయినేడు మీ మిల్లు కొండయ్య కంటి ఆపరేషను. అంతకుముందు దావీదు బిడ్డ నిశ్చితార్థం. ఇప్పుడు యల్లమ్మ వచ్చి ఏడ్చి పోయింది. అడిగినప్పుడు నువ్వే సెలవిస్తే మీ మామకు కలలెందుకు నాయనా?"

"నోరు ముయ్యి, జమేదారు వింటాడు!" అని కసిరాడు బాషా.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడు లారీ గిద్దలూరుకే పోయింది, పలకలతో కాదు, మిల్లు జనమంతటితో. ప్రసన్న పట్టా అందుకుంటుంటే అందరికంటే గట్టిగా ఈల వేసింది బాషానే.

అప్పట్నుంచి అడిగినవాళ్లకు సెలవిస్తున్నాను. బాషాకు కలలు కరువయ్యాయి. పాపం, ముఖం వేలాడేసుకుని తిరుగుతుంటే చూడలేక నేనే పోయాను.

"మామా, శ్రీశైలం తీసకపొమ్మని మా ఇంటిది పదేండ్లుగా సతాయిస్తాంది. ఆ మిల్లు వదిలి నేనెట్ల పోయేది?"

బాషా ముఖం వెలిగిపోయింది. నిలబడ్డచోటే కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టాడు.

"ఉండు శ్రీకాంతూ, చెప్తాండాడు... నీకు సోమవారం బాగుంటాదా, మంగళవారమా?"